ఏ మందది?

వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు వెళ్తూ, వెటర్నరీ విద్యార్థులకు ఖడ్గమృగం శరీర నిర్మాణం పాఠం సిద్ధం చేసుకుంటున్నాను. పుస్తకంలో ఒక పాత బొమ్మ ఉంది. మ్యూజియంలో పేర్చిన ఎముకల బొమ్మ. తొలి శాస్త్రవేత్తలు కొందరు బతికున్న జంతువును చూడకుండా, ఇలాంటి ఎముకలూ ఎండిన తోళ్ళూ ముందేసుకునే రాశారు.

ఎదుటి సీట్లో ఉన్న, దోమ అనే ఊరి వైపు గొర్లు కాసే పెద్దామె వంగి చూసింది.

"గిది ఏ మందది సారూ?"

"అడవి జంతువమ్మా, దీనికి గొర్రెల్లా మంద ఉంటుందా?" అన్నాను విసుగ్గా.

"మంద లేకుంటే మేసిన జాగ ఉండదా?"

బొమ్మ కింద వెతికి, ఉన్నది ఆమెకు చదివి చెప్పాను. చంపిన దొర పేరుంది. ఎముకలు కొలిచిన పండితుడి పేరుంది. అది తిరిగిన చోటు మాత్రం 'ఇండియా' అట! ఇంత దేశంలో ఏ అడవో రాయడానికి చెయ్యి రాలేదా? నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమెకు ఇంకా మండింది.

"మా మందల పరాయి గొర్రె కలిస్తే, ఎవలదో ఎరుకయ్యేదాంక ఊరూరు అడుగుతం. అడగకుండ కోసుకున్నోణ్ని దొంగ అంటం. మీ సదువుల ఏమంటరు?"

అలాంటివాళ్ళను మా చదువులో శాస్త్ర పితామహులంటారు.