రాబోయే రోజులు చూడటానికి ఉప్పాడ దారిలో

ఈ కబురు మొదట నా చెవిన వేసింది పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడి గుడి ముందు పూలమ్మే మంగతాయారు. ఆమె పుట్టిల్లు కాకినాడకి ఆవల, సముద్రం ఒడ్డున. "మా ఊళ్లో ఓ టీచరమ్మ గారు ఆడవాళ్లని గుండ్రంగా కూర్చోబెట్టి, కళ్లు మూయించి, రాబోయే రోజులు చూపిస్తున్నారంటండి" అంది మాల కడుతూ. సోది లాంటిదేమో అనుకున్నాను. కాదట. రెండేళ్ల కిందటి తుఫానులో మనుషుల్నీ బోట్లనీ పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ ముందుకు చూడటం నేర్చుకుంటున్నారట.

ముందుకు చూడటం మానేసిన ఆడవాళ్లు మా పేటలోనూ ఉన్నారు. నేను బడికెళ్లి చదివిన దాన్ని కాదు, మా నాన్నగారు ఇంట్లో నేర్పిన అక్షరాలే. అయినా వెళ్లి చూసి నేర్చుకురావాలని గట్టిగా అనుకున్నాను. టీచరమ్మ సుభద్ర గారికి ఫోన్ చేస్తే, "రండి, చాపా దుప్పటీ తెచ్చుకోండి" అన్నారు.

శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నరకి కాకినాడ బస్సెక్కాను. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠకీ, జొన్నాడ వంతెన మీద గౌతమికీ దణ్ణం పెట్టుకున్నాను. పక్క సీట్లో పెద్దాయన నదిలోకి చిల్లర విసిరి, "మీరూ వేయండమ్మా" అన్నారు. "నా దగ్గరున్నది టిక్కెట్లకేనండి. గోదారమ్మ ఏమీ అనుకోదులెండి" అంటే నవ్వేశారు. వెళ్లేవాళ్లు రావులపాలెంలో బస్సు ఆగినప్పుడే ఇడ్లీ తినేయండి, తర్వాత ఆగినచోట దిగే తీరిక ఉండదు.

పదింటికి కాకినాడ. అక్కణ్ణుంచి ఉప్పాడ వైపు వెళ్లే బస్సు. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే దారంతా సముద్రమే, కానీ అల ఎగిరితే ఒళ్లు తడుస్తుంది. నా ఎడం భుజం ఒక్కటే పొడిగా మిగిలింది. ఊరి పేరు రాయొద్దని అక్కడివాళ్లు అడిగారు కాబట్టి రాయడం లేదు.

సుభద్ర గారు తుఫాను షెల్టర్ మేడ మీద ఉన్నారు. అరవై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా. అన్నం, గోంగూర పచ్చడి పెడుతూనే నూకరత్నం సంగతి చెప్పారు. వేటకెళ్లిన భర్త తుఫాను నుంచి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. బొట్టూ గాజులూ తియ్యలేదు, ఒడ్డూ వదల్లేదు. ఇసకలో చిన్న చేపలు ఎండబెట్టుకుంటూ అత్తగారితో ఉంటోంది. ఆ రాబడి ఇద్దరికి ఒక పూటకి చాలడం లేదు. పొదుపు సంఘంలో నలుగురు మర్నాడు పొద్దుటి నుంచి కాకినాడ వీధుల్లో చేపలమ్మబోతున్నారు, ఐదో మనిషిగా ఈమెని రమ్మంటున్నారు. ఏ సంగతో ఈ సాయంత్రంలోగా చెప్పాలి. కాదంటే ఇంకొకరిని చూసుకుంటారు.

రెండింటికి పదిహేను మంది వచ్చి గుండ్రంగా కూర్చున్నారు. "ఐదేళ్ల తర్వాత ఓ మామూలు రోజు. నిద్ర లేచారు. ఏం కనపడుతోంది?" అన్నారు సుభద్ర గారు. అందరితో పాటు నేనూ కళ్లు మూసుకున్నాను.

"గ్యాసు పొయ్యండి" అందొకావిడ. "మా ఆయన తాగకుండా ఇంటికొచ్చాడండి" అంది ఇంకొకామె. "దానికి ఐదేళ్లు చాలవే" అని పక్కనుంచి. కళ్లు మూసుకునే అందరూ నవ్వారు.

"మరి ఆ ఇంట్లో నువ్వెక్కడున్నావమ్మా?" అన్నారు సుభద్ర గారు గ్యాసు పొయ్యి ఆవిడతో. పొయ్యి ఉంది, పిల్లలున్నారు, తను లేదు. వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. నా సంగతీ అంతే. మా పేట కనపడింది, నేను కనపడలేదు.

"నేను మూసుకోనండి" అన్న మాట వినపడి కళ్లు తెరిచాను. నూకరత్నం. పాతికేళ్లుంటాయేమో. "ఆయన లేని ఇల్లు చూస్తే నేనే ఆయన్ని పంపేసినట్టు. ఉన్నట్టు చూస్తే, మళ్లీ కళ్లు తెరవాలి కదండీ" అంది.



అప్పుడు మెట్లెక్కి వచ్చింది ఆమె అత్తగారు పైడమ్మ. చేతిలో చేట, చేటలో బియ్యం. సోది అడగడానికి వచ్చింది. "మా ఓడు ఎక్కడున్నాడో సెప్పండి టీచరమ్మ గారూ" అని చేట ముందు పెట్టింది.

"నాకు తెలీదమ్మా. తెలుసంటే అబద్ధం చెప్పినట్టే."

"మరింతమందిని కూకోబెట్టి ఏం చేత్తన్నారు?"

"ఇక్కడ చెప్పేది నేను కాదు, మీరు. కూర్చోండి."

పైడమ్మ గొణుక్కుంటూ కోడలి పక్కన కూలబడి, చేట ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"సందేళ" అంది చివరికి. "ఆడొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. చిక్కిపోయాడు. 'అమ్మా, రత్నమేది?' అన్నాడు."

నూకరత్నం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరేమన్నారు?" అన్నారు సుభద్ర గారు మెల్లిగా.

"ఏమంటాను? 'కాకినాడ చేపలమ్మటానికెల్లిందిరా. ఐదింటి బస్సుకొత్తాది. కాళ్లు కడుక్కో, అన్నం పెడతాను' అన్నాను." కళ్లు తెరిచి కోడలి వైపు తిరిగింది. "ఏటే అలా చూత్తావు? ఆడొత్తే నేను లేనేటి ఇంట్లో? ఇద్దరం కూకోవాలేటి కాపలా?"

నూకరత్నం ఆవిడ ఒళ్లోకి వాలిపోయింది. బియ్యం చాప మీద ఒలికాయి. నేను ఏరుతూ కూర్చున్నాను, నా చేతులకి ఆ పని దొరికినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. సాయంత్రానికి ఐదో మనిషి కుదిరింది.

మర్నాడు మొదటి బస్సులో అందరం కాకినాడ బయల్దేరాం. కండక్టరు తట్టలు చూసి ముక్కు మూసుకున్నాడు. "తింటానికి బావుంటాయి, వాసనే పనికిరాదేంటి తమరికి?" అందొకామె. నూకరత్నం నా పక్కన కూర్చుంది. భయంగా ఉందా అని అడిగాను. "బేరం ఆడటం రాదండి, అదే భయం" అంది. కాకినాడలో దిగాక తట్ట నెత్తికెత్తమంది. మా ఇంట్లో చేపలు ముట్టం. ఎత్తాను. నీళ్లు కారి జాకెట్టు తడిసింది. ఆమె వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగింది.

పాలకొల్లు బస్సులో దారి పొడుగునా మళ్లీ కళ్లు మూసుకుని చూశాను. ఈసారి మా పంచలో చాప పరుస్తూ నేను కనపడ్డాను. వచ్చే శుక్రవారం నుంచి పరుస్తాను. ఎంతమంది వస్తే అంతమంది. ఇంత చూపించినందుకు ఆ ఒడ్డుకీ, ఆ ఆడవాళ్లకీ రుణపడి ఉంటాను.

చదివినవాళ్లకి ఒక్క మనవి. సందెదీపం పెట్టేటప్పుడు పైడమ్మని తలుచుకోండి. ఇప్పుడావిడ ఒక్కతే గుమ్మంలో కూర్చుంటోంది, కొడుకు కోసమూ, ఐదింటి బస్సు దిగాల్సిన కోడలి కోసమూ.