మొగల్తూరు మట్టి సంచిలో చీటీ

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. మట్టిలో ఉప్పెంత, ఇనుమెంత, సున్నమెంత అని తేల్చే ఉద్యోగం నాది. దేశం మ్యాపంతా గళ్ళు గీసి, గడికొక చోట మట్టి తీసి పరీక్షించే సర్వేలో ఏళ్ళ తరబడి తిరుగుతున్నాను. కొలతకి అందనిదాన్ని నమ్మమంటే నావల్ల కాదు. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

పోయినేడాది మొగల్తూరు దగ్గర, మట్టి తీయాల్సిన చోటు ఒక రొయ్యల చెరువు గట్టు మీద పడింది. దాన్ని ఆనుకునే సత్తిరాజుగారి పొలం. మా ఆఫీసులో నాకు మట్టి తీయడం నేర్పింది ఆయనే. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు.

ఆయన భార్య మహాలక్ష్మిగారు గట్టు మీదికొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"మా మట్టి కూడా చూసిపెట్టమ్మా. చుట్టూ చెరువులే కదా, ఉప్పెక్కిపోయిందంటున్నారంతా. నిజమే అయితే మనసు చంపుకుని నేనూ చెరువుకిచ్చేస్తాను. కాదంటే ఈ సార్వా పంటకి వరి ఊడ్పించేస్తాను."

పొలాన్ని చెరువు చెయ్యొద్దన్నది ఆయన చివరి మాటట.

రెండు చోట్లా తీశాను. రెండూ నల్ల బంకమట్టే, చూపుకి తేడా తెలీదు. గట్టు మట్టి సంచికి తెల్లదారం, ఆవిడ పొలం మట్టికి ఎర్రదారం కట్టాను. లోపల పెన్సిలుతో రాసిన చీటీ వేస్తాం, తడికి సిరా చెదిరిపోతుందని. మూతి కట్టేముందు దారం, చీటీ రెండూ కనబడేలా ఫోటో తీస్తాం. మధ్యాహ్నమే సంచులు వ్యానులో ల్యాబుకి వెళ్ళిపోయాయి.

ఆ సాయంత్రం పాలకొల్లులో టీ తాగుతూ ఫోటోలు చూసి, గ్లాసు పక్కన పెట్టేశాను. ఎర్రదారం సంచిలో 'చెరువు గట్టు' చీటీ, తెల్లదారం సంచిలో 'పొలం' చీటీ! తారుమారు చేసింది నేనే. గట్టు మట్టిలోని ఉప్పంతా ఆవిడ పొలం పేరున రిపోర్టులోకెక్కుతుంది, ఆవిడ పొలం వదిలేసుకుంటారు. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

నేనొచ్చేదాకా ఆ రెండూ విప్పొద్దని ల్యాబుకి ఫోన్ చేసి, మర్నాడు పరుగెత్తాను. ముళ్ళు నేను వేసినవే, నేనే విప్పాను. ఎర్రదారం సంచిలో 'పొలం' అని ఉంది. తెల్లదారం దాంట్లో 'చెరువు గట్టు'.

రాత నాది కాదు. మాట కింద రెండు గీతలు కొట్టడం సత్తిరాజుగారి అలవాటు. ఆయన చీటీలు వందల కొద్దీ చూసినదాన్ని, పొరబడను. నేను రాసిన చీటీలు ఎంత వెతికినా దొరకలేదు. ఫోటోలు మాత్రం ఇంకా నా ఫోన్లోనే ఉన్నాయి.

పొలంలో వరికి ఇబ్బంది కలిగించేంత ఉప్పు లేదని తేలింది.

రిపోర్టుతో పాటు 'పొలం' చీటీ కూడా తీసుకెళ్ళి మహాలక్ష్మిగారి చేతిలో పెట్టాను. ఎవరి రాతో నేను చెప్పలేదు. చూస్తూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇదెలా వచ్చిందమ్మా?"

"నాకు తెలీదు పిన్నిగారూ," అన్నాను. ఈ రోజుకీ ఎవరడిగినా నా దగ్గర అదే జవాబు.

ఆవిడ చీటీని తిరగేసి చూశారు. వెనక ఖాళీ.

"నాకేం రాయలేదా అమ్మా?" అన్నారు.