గోరి మీద బ్లేడు దింపని కాక

డోజర్ నడిపే మా కాక పోయాడు. ఈ అరబ్బు దేశంలోని తాయిఫ్ పట్నం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి పొద్దున్నే క్యాంపు బయట బస్సు ఎక్కుతున్నాం. ఫోర్‌మన్ ఫోన్ విని జేబులో పెట్టుకుని, "అయ్యో పాపం, పోయాడంటయ్యా. సరే, ఎక్కండెక్కండి, ఎండ ముదురుతుంది" అన్నాడు. ఒక మనిషికి దక్కింది ఆ ఒక్క మాట.

కాక నాకు చుట్టం కాదు. జగిత్యాల వైపు మనిషి, నాకు డోజర్ నేర్పినవాడు. ముందురోజు ఛాతీ పట్టుకుని క్యాబిన్ దిగితే, "షిఫ్టు అయ్యాక బండి పంపిస్తా" అన్నవాడూ ఈ ఫోర్‌మనే. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటివి రాయకూడదట. రాస్తాను.

మా పని తాయిఫ్ దాటాక, హర్రా అనే నల్లరాళ్ల మైదానంలో. ఎప్పుడో నిప్పు కక్కి ఇప్పుడు నిద్రపోతున్న కొండ పారబోసిన లావా అది. దాని మీదుగా కంకర కొట్టే క్రషర్‌కు లారీల దారి వేస్తున్నాం. చూసినవాళ్ళు అక్కడేముంది అంటారు. వేల ఏళ్ల కింద ఆ కొండ పక్కన మనుషులు బతికారు. వానపడితే గుంటల్లో నీళ్ళు నిలిచేవి, గడ్డి మొలిచేది, మందలు మేసేవి. కట్టుకోవడానికి కొండ ఇచ్చిన రాయి ఉండేది. దానితోనే దొడ్లు కట్టారు, వేట జంతువులను తరిమి పట్టే పొడవాటి గోడలు కట్టారు, నీళ్ళకు పోయే బాటల పక్కన తమవాళ్ళకు గోరీలు కట్టారు. ఇదంతా తర్వాత నేను ఫోన్‌లో చదివి తెలుసుకున్నాను.

కాక ఏదీ చదవలేదు. ఆయనకొక అలవాటు ఉండేది, దిగి చూడనిదే బ్లేడు దింపడు. "క్యాబిన్ల కూసుంటె కింద ఏమున్నదో ఎట్ల ఎరుకైతదిరా?" అనేవాడు. అలా దిగిన రోజే దారికి అడ్డంగా గుండ్రటి రాళ్ల వరుస, నడుమ ఒక కుప్ప కనబడ్డాయి. మా వైపు గుట్టల దగ్గర అలాంటి పాతకాలపు గోరీలను రాకాసి గుళ్ళంటారు. కాక గుర్తుపట్టాడు, బూట్లు విప్పి నడిచాడు. మిట్టమధ్యాహ్నం, పెనంలాంటి రాయి! రెండడుగులకే గెంతులు మొదలయ్యాయి.

"డ్యాన్స్ జేస్తున్నవేందే కాకా?" అని అరిచాను.

"నోర్ముయ్ పోరడా, బూట్లు ఇటు ఇసురు! సచ్చినోళ్ళ కాడికి చెప్పులేస్కొని పోవద్దని ఇప్పినరా!"

బూట్లు తొడుక్కున్నాక లబన్ సీసా మూత తీసి, తాగేముందు కాస్త రాళ్ల మీద పోశాడు, మా ఊళ్ళలో పెద్దలకు కల్లు సాక పోసినట్టు. ఇక్కడ కల్లెక్కడిది, మజ్జిగే సాక. "ఎవలో ఏమో గని, గింత బరువు మోసి పేర్చిన్రంటే పోయినోడంటే ఎంత పానమో సూడు" అన్నాడు.

ఫోర్‌మన్ వచ్చాడు. "ఏంటయ్యా, రాళ్ల కుప్పకి పూజలేంటి? తోసెయ్, దారి తిన్నగా రావాలి."

"కుప్ప కాదు సార్, గోరి. పక్కకెల్లి తిప్పుత."

"తిప్పితే డీజిలు మీ అయ్య పోస్తాడా?"

"మా అయ్య గోరి మీదికెల్లి దారేస్తవా సార్?"

ఫోర్‌మన్ పికప్ ఎక్కి వెళ్ళిపోయాడు. వంపుకు ఆయన ఒప్పుకోలేదు, తిన్నగా తోయడానికి కాక ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి దారి గోరికి ఇవతలే ఆగింది, కాక ఉన్నంతకాలం.

చావు కబురు విన్న పొద్దునే, బస్సు దిగగానే, డోజర్ తాళం నా చేతిలో పెట్టాడు ఫోర్‌మన్. "ఇక అడ్డం చెప్పేవాడు లేడు. తిన్నగా లాగించెయ్."

యంత్రమంటే ఏమిటో తెలియని వాళ్ళు, తమవాడొకడు పోతే అన్నీ పక్కనపెట్టి, చేతులు చీరుకుపోయే రాళ్ళు ఎత్తి పేర్చారు. క్రేన్లున్న మా కంపెనీ ఒక్క పూట పని ఆపలేకపోయింది. పైగా కాక కాపాడినదాన్ని కాక పోయిన రోజే తొక్కెయ్యాలట!

తాళం తీసుకున్నాను. దిగి చూసి, ఎక్కి, బ్లేడు దింపి, గోరికి చాలా ముందే ఎడమకు తిప్పాను. పక్కన పరుగెత్తుతూ, "ఒరేయ్, నీ పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టిస్తాను! ఇంటికి పంపించేస్తా!" అని అరిచాడు ఫోర్‌మన్.

కొట్టిస్తాడేమో, ఇంకా తేలలేదు. దారి మాత్రం వంపు తిరిగే ఉంది. క్రషర్ నుంచి నిండు లోడుతో వచ్చే లారీలు కూడా అక్కడికి రాగానే నెమ్మదిస్తాయి. గోరిని ఒక పక్కన ఉంచి మెల్లగా తిరిగి, ఒకదాని వెనక ఒకటి దుమ్ములోకి వెళ్ళిపోతాయి.