పేటెంటు ఆఫీసు నుంచి దాచిన స్ప్రింగు

అనుమానం ఒక మనిషిని ఎంత వెధవను చేయగలదో చూడాలనుంటే కాస్త కూర్చోండి. మునిగింది నేనైతే ఇంత సిగ్గుండేది కాదు. మునిగింది నన్ను నమ్మినాయన.

అప్పుడే పేటెంటు ఏజెంటు పరీక్ష గట్టెక్కి, తెనాలిలో టిఫిన్ హోటలు పైగదికి బోర్డు కట్టాను. బాపట్లలో మాకు శిక్షణ ఇచ్చిన మేడమ్ రోజూ చెప్పేది ఒకటే. "దరఖాస్తు పెట్టేదాకా ఎవరికీ చెప్పకండి. పెట్టే కాగితంలో మాత్రం ఏదీ దాచకండి." మొదటి ముక్క నరనరానా ఎక్కింది. రెండో ముక్క చెప్పేటప్పుడు నేను, పక్కవాడు నా నోట్సు చూస్తున్నాడేమోనని మోచేయి అడ్డం పెట్టుకునే పనిలో ఉన్నాను.

నా మొదటి క్లయింటు పేరాల నేతగాడు వెంకటేశ్వర్లు బాబాయి. కండెలు చుట్టే మోటారు రాట్నానికి, నూలు తెగగానే ఆగిపోయే పరికరం చేశాడు. కిటుకంతా లోపలి చిన్న స్ప్రింగులో ఉంది.

"ఇది నా పేరున వస్తే సొంత షెడ్డు పెట్టుకుంటా బాబూ. మగ్గం గుంటలో కూర్చోడానికి నడుం సహకరించట్లేదు" అన్నాడు.

బొమ్మ జిరాక్సు తీయిస్తుంటే షాపాయన, "ఏంటండి ఇది, భలే ఉందే?" అన్నాడు. గబుక్కున కాగితం లాక్కున్నాను. ఈయనకే ఇంత ఆశ పుడితే, పేటెంటు ఆఫీసులో ఈ కాగితం ఏళ్లతరబడి ఎన్ని చేతులు మారాలి! వెంటనే బొమ్మలో స్ప్రింగు తీసేసి, 'తగిన ఏర్పాటు వల్ల రాట్నం ఆగును' అని రాసి పంపాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. బాబాయికి రసీదు ఇచ్చి, "ఇక ఎవరికైనా చూపించుకోండి" అన్నాను.

ఏళ్లు గడిచినా ఉలుకూ పలుకూ లేదు.

"ఏంటి బాబూ, ఇంకా రాలేదు?"

"ఎవరో తొక్కిపెట్టారు బాబాయ్. వాళ్లు దేనికోసం వెతుకుతున్నారో నాకు తెలుసు. దొరకదు లెండి!"

"ఏం దొరకదు?"

"ఫోన్లో చెప్పకూడదండి."

చివరికి నోటీసు వచ్చింది. ఆ 'తగిన ఏర్పాటు' ఏమిటో చెప్పమన్నారు. దొంగలు బయటపడ్డారని సంబరంగా బాపట్ల పరుగెత్తాను. మేడమ్ తల పట్టుకుంది.

"అంతా విప్పి చెప్పినందుకేగా నాయనా హక్కు ఇచ్చేది!"

"ఇప్పుడు చేరుస్తానండి."

"చేర్చనివ్వరు. కొత్తగా పెట్టాలి. అదీ ఆ స్ప్రింగు ఇంకా రహస్యంగా ఉంటేనే."

పేరాల వెళ్లాను. వీధి పొడుగునా ప్రతి రాట్నానికీ అదే స్ప్రింగు!

"మీరేగా చూపించుకోమన్నారు? అందరికీ నేనే బిగించా. రేపల్లె నుంచి కూడా వచ్చి చూసెళ్లారు" అన్నాడు బాబాయి గర్వంగా. నేను అరుగు మీద కూలబడ్డాను. "ఏమైంది బాబూ, ఎవరికైనా తెలిసిపోయిందా?"

"లోకమంతటికీ తెలుసు బాబాయ్. తెలియంది ఒక్క పేటెంటు ఆఫీసుకే."

సంగతంతా విన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నడుం పట్టుకుని మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు.

ఈమధ్య ఇంకేదో కొత్తది చేశాడని తెలిసి వెళ్లాను. నేను గుమ్మంలో కనబడగానే దానిమీద దుప్పటి కప్పేశాడు. అందుకే సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నేను రాసే దరఖాస్తులో మేకు దాచను, ఆ మేకు కొట్టిన సుత్తి కూడా దాచను. రాయడానికి ముందు బాబాయి ఆ దుప్పటి తీయాలి, అంతే.