సముద్రానికి ఎటండీ?

మా మామయ్య దారి అడుగుతాడు. ఆయన గురించి ఈ ఒక్క ముక్క చెబితే ముప్పాతిక మనిషిని చెప్పినట్టే. దారి తెలియనివాళ్ళు అడగడంలో వింతేమీ లేదు. మామయ్య తెలిసిన దారి అడుగుతాడు. తను పుట్టి పెరిగిన వీధి ఎక్కడుందో ఆ వీధి మధ్యలో నిలబడి అడుగుతాడు. పైగా ఆయన ఉద్యోగం సర్వే ఆఫీసులో మ్యాపులు గీయడం.

"వంటవాడు పక్కింటికెళ్ళి పిడికెడు అన్నం పెట్టమన్నట్టుంది," అంటుంది అత్తయ్య.

ఆ ఆఫీసులో పొడవాటి గది, వాలుగా నిలబెట్టిన బల్లలు, నల్ల ఇంకు సీసాలు, తప్పు గీత పడితే గోకడానికి అరిగిపోయిన బ్లేడు. నగరం చుట్టూ ఉన్న ప్రతి కాలువా, ప్రతి బండ్ల బాటా ఆ బల్ల మీద మామయ్య కలం కింద నుంచి పోయినవే. అయినా రోజూ ఆఫీసు గుమ్మంలో వాచ్‌మన్‌ని ఆపి, "మ్యాపుల సెక్షన్‌కి ఎటండీ?" అని అడిగేవాడు. "మేడ మీద ఎడమవైపండీ," అని అతనూ గౌరవంగా చెప్పేవాడు. ఒకసారి అతను సెలవు పెడితే కొత్తవాడొచ్చాడు. దారి తెలియనివాడు ఇక్కడ ఉద్యోగి ఎలా అవుతాడన్నాడు. న్యాయమే. ఆ రోజు తోటివాళ్ళు వచ్చి మా మనిషేనని పూచీ పడేదాకా మామయ్య ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాడు. ఆ టీ కొట్టుకి కూడా దారి ఆ కొత్తవాణ్ణే అడిగాడట.

ఇంట్లో మేం ఆయనకు 'దిక్సూచి' అని పేరు పెట్టుకున్నాం. ఆయనకు తెలుసు. బిరుదనుకున్నాడు.

ఆదివారాలు మామయ్యకు తన పాత ఆకుపచ్చ కారు మీద ప్రేమ పొంగుతుంది. పొద్దున్నే అత్తయ్యనీ, వాళ్ళబ్బాయి బావనీ, నన్నూ, రొట్టెల బుట్టనీ అందులో కుక్కి సముద్రానికి బయల్దేరతాడు. నగరం నుంచి సముద్రం మరీ దూరమేం కాదు. నోరులేనివాడు బండి నడిపితే టిఫిను వేళకు చేరిపోవచ్చు. మామయ్యకు నోరుంది.

పొలాల్లో నాట్లు వేసేవాళ్ళను పిలిచి అడిగేవాడు. సైకిలు మీద పోయేవాడి పక్కనే నెమ్మదిగా కారు నడుపుతూ అడిగేవాడు. దారి చెప్పడమంటే జనానికి ఎంత సరదానో మామయ్య పుణ్యమాని మాకు తెలిసింది. తెలిసినవాడు ఒక్క మాటలో చెబుతాడు. తెలియనివాడు అరగంట చెబుతాడు. ఒక ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు 'కుడి' అంటే 'ఎడమ' అని వాదించుకుని, అటునుంచి పొలం గట్టు గొడవలోకి, దాని మీదుగా చెల్లెలి పెళ్ళిలో ఎవరు ఎవర్ని పలకరించలేదన్న దాకా వెళ్ళారు. మామయ్య కారు దిగి, గట్టు మీద కూర్చుని, తీర్పు చెప్పి, వాళ్ళింట్లో మజ్జిగ తాగి వచ్చాడు. దారి సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఇంకోసారి ఒకావిడ, "చెబితే మీకు తెలీదు బాబూ, నేను వచ్చి చూపిస్తా," అంటూ మేకతో సహా వెనక సీట్లో ఎక్కింది. మేక నా ఒళ్ళో కూర్చుంది. తన ఊరు రాగానే ఆపమని, దిగి, మేకను దింపుకుని, "ఇక్కణ్ణించి ఎవర్నయినా అడుగు నాయనా," అని వెళ్ళిపోయింది.

"చూశావా, ఎంత మంచి మనిషో!" అన్నాడు మామయ్య.

"మంచిదే. బస్సు ఛార్జీ మిగిలింది కదా," అంది అత్తయ్య.

చివరికి సముద్రపుటొడ్డుకు చేరాక కూడా వదిలేవాడు కాదు. వల బాగుచేసుకుంటున్న జాలరిని, "సముద్రం ఎటండీ?" అని అడిగాడోసారి. ఆ మనిషి మామయ్యను చూశాడు. వెనక్కి తిరిగి సముద్రాన్ని చూశాడు. తర్వాత అత్తయ్య వైపు తిరిగి గొంతు తగ్గించి, "పట్టపగలే పట్టించాడా అమ్మా?" అన్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ చీలిక దగ్గర జరిగేది ఒక ఎత్తు. సముద్రం ఇంకా కాస్త దూరం ఉందనగా రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపుది కొత్త రోడ్డు. తారు నిగనిగలాడుతూ తిన్నగా సముద్రానికి పోతుంది. ఎడమవైపుది గతుకుల రోడ్డు. దారిలో ఉన్న ప్రతి ఊరినీ పలకరించి, కాలువ చుట్టూ తిరిగి, గేదెల మధ్య నుంచి అదే సముద్రానికి పోతుంది. ఎవరూ పొరబడకుండా చీలిక దగ్గర గోడంత బోర్డు పెట్టారు. 'సముద్రం' అని అక్షరాలు, కింద కుడివైపుకి బాణం. ఆ బోర్డు నీడలో, సరిగ్గా ఆ బాణం కింద, ఉతికిన చొక్కా వేసుకుని ఒక ముసలాయన కూర్చుని ఉండేవాడు.

మామయ్య అక్కడ కారు ఆపి, మెడ బయటపెట్టి, "పెద్దాయనా, సముద్రానికి ఎటండీ?" అనేవాడు.

ముసలాయన లేచి, చొక్కా సర్దుకుని, చెయ్యి ఎడమవైపుకి చాపేవాడు. "ఇట్టా పోండి. తిన్నగా పోయి, కల్వర్టు దాటాక కాలువ వెంబడే వెళ్ళండి. అటు కొత్తది మాత్రం ఎక్కకండి, అది రోడ్డే కాదు."

మామయ్య దణ్ణం పెట్టి ఎడమవైపుకి తిప్పేవాడు.

"బోర్డు కనబడటం లేదా?" అత్తయ్య.

"బోర్డు మాట్లాడదు కదోయ్. పెద్దాయన చెప్పాడు."

"ఏ పెద్దాయనా? పోయిన వారం చెప్పిన పెద్దాయనేగా? ఆయన మాట విని మధ్యాహ్నానికి చేరాం. ఇసుకలో కాలు పెడితే అప్పడంలా వేగింది."

ప్రతి ఆదివారం ఇదే. మేం వెళ్ళేసరికి సూర్యుడు నడినెత్తిన ఉండేవాడు. అత్తయ్యకు ఒకే ఒక్క కోరిక, సముద్రంలోంచి సూర్యుడు పైకొస్తుంటే చూడాలని. "ఇంత దగ్గర సముద్రం పెట్టుకుని సూర్యోదయం క్యాలెండర్లో చూసుకుంటున్నా. ఎవరికైనా చెబితే నవ్విపోతారు," అనేది. అనడమేమిటి, అందరికీ చెప్పేది. అందరూ నవ్వేవాళ్ళు.

చివరికి ఒక శనివారం ఆవిడ తేల్చేసింది. "రేపు నా పుట్టినరోజు. రేపు నేను సూర్యోదయం చూస్తా. కారు అబ్బాయి నడుపుతాడు. దారి ఫోను చెబుతుంది. మీరు వెనక సీట్లో బుట్ట పట్టుకుని కూర్చుంటారు. కిటికీ అద్దం దించితే ఊరుకోను."

బావ కొత్తగా కొన్న తెల్ల కారులో చీకటి ఉండగానే బయల్దేరాం. ఫోనులో ఒక అమ్మాయి గొంతు, 'కుడివైపు తిరగండి, తిన్నగా వెళ్ళండి,' అని చెబుతోంది. మామయ్య నా పక్కన బుట్ట వాటేసుకుని నసుగుతున్నాడు.

"ఈ పిల్లది ఏ ఊరు? మనది ఏ ఊరని ఒక్క మాటైనా అడగలేదే. అడక్కుండా చెప్పేవాళ్ళను నమ్మకూడదురా."

"ఊరుకోండి నాన్నా."

"సరే గానీ, అదిగో పొలంలో ఒకాయన నిలబడ్డాడు, ఒక్కసారి ఆపు. కనుక్కుందాం."

"అది దిష్టిబొమ్మ నాన్నా."

చీలిక దగ్గరికి వచ్చేసరికి ఇంకా తెలవారలేదు. బోర్డు కింద ఎవరూ లేరు. కారు కుడివైపుకి తిరిగింది. మామయ్య వెనక్కి తిరిగి, ఆ బోర్డు కనుమరుగయ్యేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత నసగడం కూడా మానేశాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం.

అత్తయ్య సూర్యోదయం చూసింది. చెప్పులు చేత పట్టుకుని, బట్టలు తడిసిపోతున్నా లెక్కచెయ్యకుండా నీళ్ళలో నిలబడి, చిన్నపిల్లలా నవ్వింది. ఒళ్ళో పట్టినన్ని గవ్వలు ఏరుకుంది. మామయ్య మాత్రం నిమిషానికోసారి గడియారం చూసుకుంటూ, "అయిందా? ఇక పోదామా?" అంటూనే ఉన్నాడు. ఎండెక్కాక గానీ ఆవిడ కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో చీలిక కనబడగానే మామయ్య బుట్ట ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఒరేయ్, ఇక్కడ ఆపకు. వేగంగా పోనియ్."

బావ వేగం పెంచేవాడే. కానీ రోడ్డు మధ్యలో ఒకావిడ అన్నం క్యారియరు చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి నిలబడింది. ఆవిడ వెనక బోర్డు కింద ముసలాయన మా వైపు వీపు పెట్టి, నగరం నుంచి వచ్చే రోడ్డునే చూస్తున్నాడు.

"బాబూ, దారిలో ఎక్కడైనా ఆకుపచ్చ కారు ఆగిపోయి కనబడిందా? పాతది?"

"లేదండీ. ఏమైంది?" అన్నాడు బావ జాగ్రత్తగా.

"మా మామగారితో చస్తున్నాను బాబూ. ప్రతి ఆదివారం ఎవరో సారు వస్తాడట. పాపం మతిమరుపు మనిషట. ఎన్నిసార్లు చెప్పినా దారి మర్చిపోతాడట. ఈయన చూపించకపోతే సముద్రం చేరలేడట. ఈవేళ ఆ సారు రాలేదు. ఎక్కడ దారి తప్పి తిరుగుతున్నాడోనని పొద్దుటినుంచీ మెతుకు ముట్టలేదు. మిగతా రోజులు మంచం దిగడు. ఆదివారం మాత్రం గడ్డం గీసుకుని నాకంటే ముందే తయారవుతాడు."

మామయ్య మొహం మీద బుట్ట ఇంకాస్త పైకి లేచింది.

"మరి ఎడమవైపు ఎందుకమ్మా పంపిస్తాడు?" అంది అత్తయ్య.

"ఆ రోడ్డు ఆయన వేసిందేనమ్మా. రోడ్డు మేస్త్రీగా చేశాడు. వయసంతా దాని మీదే పోసి కాలువ గట్టు దాకా తీసుకెళ్ళాడు. కొత్తదొచ్చాక గేదెలు తప్ప ఎవరూ ఎక్కడం లేదు. ఆ సారొక్కడే, చెప్పిన దారిన పోతాడట. 'మతి లేకపోతేనేం, మర్యాద తెలిసిన మనిషి' అంటాడు మా మామగారు."

అత్తయ్య నెమ్మదిగా వెనక్కి తిరిగింది. బుట్టను పక్కకు లాగింది.

"మీకు తెలుసా ఇది?"

"నా బల్ల మీద గీసిన రోడ్డేగా," అన్నాడు మామయ్య చిన్నగా. "అయినా మనం మలుపు తిరిగేదాకా ఆయన చూస్తూ నిలబడతాడోయ్. ఎలా మరి కుడివైపుకి తిప్పడం?"

"మాకు చెప్పొచ్చుగా? ఇన్నాళ్ళూ ఎన్ని మాటలన్నాను!"

"చెబితే మీరంతా జాలి మొహాలు పెట్టుకుని కూర్చుంటారు. ఆయన కనిపెట్టేస్తాడు. నువ్వు పక్కన కూర్చుని నన్ను తిడుతుంటావు చూడు, అది చూసే కదా నేను నిజంగా దారి తప్పానని ఆయన నమ్మేది. నీ అంత బాగా ఎవరూ చెయ్యలేరు."

అత్తయ్య నోరు తెరిచింది. తిట్టబోయినట్టే ఉంది గానీ, ఇకమీదట తిట్టినా పొగిడినట్టే అవుతుందని గ్రహించినట్టుంది. కొడుకు వైపు తిరిగింది.

"వెనక్కి తిప్పు."

"ఇంటికి ఇటేగా అమ్మా?"

"ఇంటికెవడు పొమ్మన్నాడు? ఆ పొలాల వెనక బాటన చుట్టి, నగరం వైపు నుంచి రా."

బావ బురదబాటలో తన కొత్త కారును ఏడవలేక నడిపి, చుట్టు తిరిగి, నగరం వైపు నుంచి బోర్డు దగ్గరికి తెచ్చాడు. అత్తయ్య అద్దం దించి మెడ బయటపెట్టింది.

"పెద్దాయనా, సముద్రానికి ఎటండీ?"

పక్కనున్న కోడలు మమ్మల్ని గుర్తుపట్టి, నవ్వాపుకుంటూ అటు తిరిగింది. ముసలాయన వెనక సీట్లోకి తొంగిచూశాడు. మొహం విచ్చుకుంది. అది దాచుకోవడానికి కోప్పడ్డాడు. "ఇంతాలస్యమైతే ఎట్టా సారూ? కారు మార్చారా? కారు మారిస్తే దారి గుర్తుంటుందా?"

"గుర్తుండటం లేదండీ," అన్నాడు మామయ్య.

"బొత్తిగా మతి లేదండీ ఈయనకి. చంపుకు తింటున్నాడు," అంది అత్తయ్య ఎప్పటికంటే గట్టిగా.

ముసలాయన చెయ్యి చాపి కల్వర్టు గురించీ, కాలువ గురించీ మొత్తం చెప్పాడు. చెబుతూ చెబుతూ అత్తయ్య ఒళ్ళోకి చూసి ఆగాడు. "ఈ గవ్వలెక్కడివమ్మా?"

అత్తయ్య కొంగు లాగి గవ్వల మీద కప్పింది.

"బజార్లో కొన్నాం," అంది అత్తయ్య.

"మోసపోయారు! సముద్రం దగ్గర ఊరికే దొరుకుతాయి. వెళ్ళి ఏరుకోండి."

కారు ఎడమవైపుకి తిరిగింది. ఫోనులో అమ్మాయి, 'వెనక్కి తిరగండి, వెనక్కి తిరగండి,' అని గోల పెట్టింది. "నువ్వు కాసేపు ఊరుకోమ్మా, పెద్దవాళ్ళు చెప్పారు," అని అత్తయ్య దాని నోరు నొక్కేసింది. నేను వెనక అద్దంలోంచి చూశాను. మలుపు వచ్చేదాకా ముసలాయన నిలబడే ఉన్నాడు. తర్వాత కోడలి చేతిలోని క్యారియరు అందుకుని, బాణం కింద కూలబడి మూత తీశాడు.

కల్వర్టు దాటాం. గతుకుల్లో కొత్త కారు మూలుగుతోంది, బావ దానికంటే ఎక్కువ మూలుగుతున్నాడు. ఎదురుగా గేదెల మంద, వాటి వెనక కర్ర పట్టుకుని ఒకతను. అత్తయ్య కొడుకు భుజం మీద తట్టింది.

"అతని దగ్గర ఆపు. సముద్రానికి ఇటేనో కాదో కనుక్కుందాం."