పాత్ర అడుగున మా అమ్మమ్మ సిలువ

సమస్తమూ ఎరిగిన తండ్రికి స్తోత్రం. కానుకపెట్టె ఎదుట కూర్చుని పేద విధవరాలి కానుకను చూసిన ప్రభువుకు మహిమ. ఆయన చూశాడన్న నమ్మకం లేకపోతే ఈ నాలుగు మాటలు రాసేవాణ్ణి కాను.

మా గుడిలో ఒక పాత వెండి పానపాత్ర ఉంది. పూజలో ద్రాక్షారసం ప్రభువు రక్తమయ్యేది అందులోనే. ఎవరో ఓడ కెప్టెన్ ఇచ్చాడని కొత్తగా వచ్చినవాళ్లు చెప్పుకుంటారు. కాదు. రేవులో మూటలు మోసే కూలీల భార్యలు కాళ్ల కడియాలు తీసి ఇస్తే, కరిగించి చేయించారు. వాటిలో మా అమ్మమ్మవీ ఉన్నాయి. ఆ ఆడవాళ్లకు రాయడం రాదు. అందుకని పాత్రను అభిషేకించక ముందే, దాని అడుగున మేకుతో తలా ఒక సిలువ గీశారు.

ఏటా సమాధుల పండుగనాడు పూజ అయ్యాక ఫాదర్‌గారు పాత్రను బోర్లించి పట్టుకునేవారు. ఆ ఆడవాళ్ల పిల్లలు వచ్చి, తమ తల్లి సిలువను వేలితో తాకి జపం చెప్పుకునేవారు. చూపు పోయాక కూడా మా అమ్మ తడిమి పోల్చేది. అమ్మమ్మ గీసినదానికి ఒక చేయి పొడుగు. అమ్మమ్మకు ఫోటో లేదు. సమాధి ఆనవాలు కూడా లేదు. ఆ గీతే మిగిలింది.

మొన్నటి పండుగకు అమ్మ తడిమి, తడిమి, ఆగిపోయింది.

"ఏటిది? నున్నగా ఉందేటి? ఇది మన గిన్ని కాదు."

పక్కనున్న గుడి కమిటీ పెద్ద, మాకు దూరపు చుట్టం, నవ్వాడు. "అదే పిన్నీ. జూబిలీకని పూర్ణా మార్కెట్లో పాలిష్ ఎట్టించినాం. అడుగున పిచ్చి గీతలుంటే అరగదీసీమన్నాను. ఎలా మెరిసిపోతందో సూడు!"

"గుడ్డిదాన్ని సూడమంతన్నావా? పిచ్చి గీతలేటి, మాయమ్మరా అది! గెడ్డం గీయించుకున్నట్టు గీయించీసినావా?"

"ఊరుకో పిన్నీ. కావాలంటే పేరు సెక్కించీద్దుం, కంప్యూటర్ అచ్చరాలతో."

"అది మిషను గీత. మాయమ్మ సెయ్యి ఎక్కడ్నుంచి తెస్తావు?"

నేను పాత్ర అంచు చూశాను. పేర్లు అప్పటికే చెక్కించారు, కమిటీవాళ్లవి. మొదటిది ఆయనదే.

అమ్మ పూజకు రావడం మానలేదు. ఫాదర్‌గారు పాత్ర పైకెత్తి గంట మోగినప్పుడు మాత్రం వేళ్లు ముడుచుకుని ఒడిలో పెట్టుకుంటుంది.

పిల్లలకు సత్యోపదేశం చెప్పే నాకు, క్షమించాలని తెలుసు. మీరూ నాతో కలిసి ఆ తల్లుల ఆత్మల కోసం ఒక పరలోక జపం చెప్పండి. కమిటీవారి కోసం కూడా ఒకటి చెప్పాలి. నాకింకా నోరు రావడం లేదు. అది నా బదులు మీరు మొదలుపెట్టండి.