రెండున్నర మిస్డ్ కాల్

భద్రాచలం రోడ్డు మీద, అడవి అంచున, జామాయిల్ కర్ర కొనే డిపోలో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. నా భార్య గల్ఫ్‌లో నర్సు. పెళ్లయిన ఏడో నెలలోనే వెళ్లింది. ఆమెకు భోజనానికి ఇచ్చే అరగంట మనకు మధ్యాహ్నం రెండున్నర. ఆ వేళకు నా సెల్లుకు మిస్డ్ కాల్ ఇచ్చేది. ఒకసారి మోగితే ఆసుపత్రి పక్క నెట్ సెంటర్‌కు వచ్చానని, రెండుసార్లు మోగితే ఈరోజు కుదరదని. ఒకసారి మోగి ఆగాక, రెండోది కూడా వస్తుందేమోనని ఫోన్ వంకే చూస్తూ కూర్చునేవాణ్ణి.

రెండోది రాకపోతే వీపీఎన్ తెంపేవాణ్ణి. మా కంప్యూటర్‌ను హైదరాబాద్ హెడ్డాఫీసుతో కలిపే దారి అది. అది కలిసి ఉంటే కాటా ఎక్కిన ప్రతి లారీ బరువూ అక్కడికి పోతుంది, కానీ చాట్ తెరుచుకోదు. తెంపితే చాట్ వస్తుంది, లారీలు ఆగుతాయి. డ్రైవర్లు లారీల నీడన బీడీలు కాలుస్తూ నన్ను తిట్టుకునేవారు. తిట్టుకోనీ. నాకు ఆ అరగంట కోసమే తెల్లారేది.

మేనేజరుకు తెలియనే తెలిసింది. ఇంకోసారి లైన్ తెంపితే కంప్యూటర్ దగ్గర్నుంచి తీసేసి కర్ర కొలిచే పనికి పంపిస్తానన్నాడు.

హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసే ఆయన్ని ఫోన్‌లో బతిమాలాను. మంచివాడు, ఉపాయం చెప్పాడు. వీపీఎన్ కలవగానే మన కంప్యూటర్ ప్రతి సైటు పేరుకూ చిరునామా హెడ్డాఫీసునే అడుగుతోంది, బయటి పేర్లు అక్కడ తెలియవు. గూడెం దారి గూడెం పెద్దనడగాలి, ఖమ్మం బజారు దారి బస్సు కండక్టర్‌నడగాలి. అందుకని ఆ చిరునామాలు అడిగే పనిని, అంటే డీఎన్‌ఎస్‌ను, రెండుగా చీల్చమన్నాడు. వీపీఎన్ సెట్టింగుల్లో ఒక టిక్కు తీసేసి, చిన్న ప్రోగ్రాం ఎక్కించి, అడగాల్సిన చోటి నంబరుతో సహా రెండు వరుసలు రాయాలి. కంపెనీ పేరుతో ముగిసేవి హెడ్డాఫీసును అడుగు, మిగతావి బ్రాడ్‌బ్యాండ్ వాళ్లను అడుగు.

ఆత్రంలో ఆ రెండు నంబర్లూ తారుమారు చేశాను. ఇటు లారీల పేజీ లేదు, అటు చాట్ లేదు, రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. మర్నాడు సరిచేస్తే రెండూ పక్కపక్కనే తెరుచుకున్నాయి. ఇక మిస్డ్ కాల్ అక్కర్లేదు, నువ్వెప్పుడు కూర్చున్నా నేనుంటానని ఆమెకు గొప్పగా రాశాను.

రెండు వారాలు ఉన్నాను కూడా. లారీ నంబరు కొడుతూ ఆమెకు ఊ కొట్టేవాణ్ణి. తిన్నావా అని అడిగి, కాసేపటికి మళ్లీ అదే అడిగేవాణ్ణి. ఒకరోజు తనకు జ్వరంగా ఉందని రాసింది. నేను సరే అని కొట్టాను. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో మా తెలుగు వచ్చింది.

“మిస్డ్ కాలే మంచిగుండె. గప్పుడు నువ్వు అన్నీ బంద్ పెట్టి నా కోసం కూసునేటోడివి.”

ఇంత దూరం సముద్రం ఉండగా, మధ్యలో లారీలను నేనే తెచ్చి నిలబెట్టాను. రేపు మిస్డ్ కాల్ ఇవ్వమని రాశాను. జవాబు రాకుండానే అరగంట అయిపోయింది.

మర్నాడు రెండున్నరకు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఒకసారి మోగింది. రెండోసారి మోగలేదు. కాటా ఎక్కబోతున్న లారీని ఆగమని కిటికీలోంచి చెయ్యి ఊపి, తెంపక్కర్లేని వీపీఎన్‌ను తెంపేశాను.